రైడ్ నడిపేవాళ్లకు ఒక కుర్చీ వేయించండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

వేసవి సెలవులు రాగానే మీ చెన్నై పేజీలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు), ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపున్న థీమ్ పార్కుల గురించి వివరంగా వేస్తారు. టికెట్ ఎంత, ఏ బస్సు ఎక్కాలి, కొత్తగా ఏ రైడ్ వచ్చింది, అన్నీ ఉంటాయి. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి నుంచి బండి మాట్లాడుకుని వచ్చే మనవాళ్లకు పనికొచ్చే సమాచారమే. ఆ రైడ్లు నడిపే మనుషుల ఊసు మాత్రం ప్రమాదం జరిగిన రోజున తప్ప ఎక్కడా కనపడదు. అలాంటి పార్కు ఒకదానిలో కొన్నేళ్లు రైడ్ ఆపరేటర్‌గా చేసి మానేసినవాణ్ణి. జీతం గురించి రాయడం లేదు, అది వేరే కథ. నేనడిగేది ఒక కుర్చీ.

ఇదేం కొత్త కోరిక కాదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం 1947 నాటి దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించి, పని మధ్యలో వీలు చిక్కినప్పుడు ఉద్యోగులు కూర్చునేందుకు ప్రతి సంస్థలోనూ ఆసనాలు ఉండాలని చెప్పింది. అంతకుముందు 2018లో కేరళ ఆ పని చేసింది, అదీ బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు పోరాడితే. చెన్నై టీ.నగర్ బట్టల కొట్లలో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలే అందరి కళ్లముందూ మెదిలారు కాబట్టి, ఇక్కడ కూడా దాన్ని చీరల కొట్ల చట్టమనే అనుకున్నాం. ఆ 1947 చట్టం హోటళ్లకూ, థియేటర్లకూ, జనం వినోదానికి వెళ్లే చోట్లకూ కూడా వర్తిస్తుంది. అంటే మాకూ వర్తిస్తుంది. నేను పనిచేసిన చోట ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. రైడ్ నడిపే బటన్లుండే మా ప్యానెల్ దగ్గర కుర్చీ ఎప్పుడూ లేదు. ఒకసారి మేమే క్యాంటీన్ నుంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేసుకుంటే సాయంత్రానికల్లా తీయించేశారు.

బయటివాళ్లకు మా పని బటన్ నొక్కడంలా కనిపిస్తుంది. గేట్లు తెరవకముందే మెయింటెనెన్స్ వాళ్లు బోల్టులు, బ్రేకులు, వెల్డింగులు చూసి సంతకం పెడతారు. తర్వాత ఆపరేటరు రైడ్‌ని ఖాళీగా తిప్పి చప్పుడు వింటాడు. కొన్నాళ్లు చేస్తే ఆ చప్పుడు ఒంటికి పట్టేస్తుంది, బేరింగు కాస్త మూలిగినా తెలిసిపోతుంది. ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లి ఎక్కినవాళ్లను ఒడి మీద పట్టి ఉంచే ల్యాప్ బార్ దించి, పైకి లాగి, లాక్ పడిందని చూసుకుని చెక్‌లిస్టులో టిక్కు పెట్టాలి. ఆ తర్వాత జనం.

ఇక ప్రతి బ్యాచ్‌కూ అదే తంతు. ఎత్తు కొలవాలి. కళ్లజోళ్లు, టోపీలు, ఫోన్లు తీయించాలి. ప్రతి బార్‌నూ చేత్తో లాగి చూడాలి. అవతలి చివరున్న తోటివాడు బొటనవేలు ఎత్తి చూపాకే స్టార్ట్ మీద చెయ్యి వేయాలి. రైడ్ తిరుగుతున్నంతసేపూ చెయ్యి ఎమర్జెన్సీ స్టాప్ దగ్గరే ఉండాలి, కళ్లు మాత్రం సీట్ల మీద, క్యూ మీద, కంచె మీద తిరుగుతూ ఉండాలి. ఎవడో సెల్ఫీ కోసం ఫోన్ తీస్తాడు, ఎవరి పిల్లాడో కంచె సందులోంచి దూరబోతాడు. రైడ్ ఆగాక ఎవరో ఒకరు కక్కుకుంటారు. అది కడిగి, మళ్లీ మొదలు. పొంగల్ పండుగ చివరి రోజు, కాణుం పొంగల్ నాడైతే క్యూ ఎక్కడ ముగుస్తుందో మాకు కనపడేది కాదు. డిసెంబరు, జనవరిల్లో స్కూలు ఎక్స్‌కర్షన్ బస్సులు దిగితే చెవులు దిబ్బెళ్లు పడేవి.

మధ్యలో గొడవలు. నూట నలభై సెంటీమీటర్ల గీతకు పిల్లాడు కొంచెం తగ్గితే ఎక్కించం. అది మా ఇష్టం కాదు, ఆ రైడ్ తయారుచేసినవాడు పెట్టిన హద్దు. బార్ పెద్దవాళ్ల తొడల మీద బిగుసుకునేలా చేసింది, చిన్న ఒళ్లు దాని కింద నుంచి జారిపోవచ్చు. ఈ మాట అర్థమయ్యేలా చెప్పే తీరిక క్యూలో ఉండదు. "అర అంగుళానికి ఏమవుతుందయ్యా, టికెట్ కొనలేదా మేము?" అని తండ్రి అరుస్తాడు, పిల్లాడు ఏడుస్తాడు, వెనకవాళ్లు ఈలలు వేస్తారు. నేను తమిళంలో మాట్లాడుతున్నానని తెలుగులో నన్ను తిట్టి, నేను తెలుగులోనే జవాబిస్తే నాలుక కరుచుకున్నవాళ్లున్నారు. "మనవాడివేగా తమ్ముడూ, ఈ ఒక్కసారికి పోనీ" అని బతిమాలినవాళ్లూ ఉన్నారు. తిట్టినవాళ్లే నయం. బతిమాలేవాళ్ల పిల్లాడి మొహం చూసి కాదనడం ఇంకా కష్టం.

ఇదంతా నిలబడే. మే నెల కత్తిరి ఎండల్లో నేల కాంక్రీటు, పక్కనంతా ఇనుము, ఫైబర్. ప్యానెల్ పైన రేకు నీడ ఉన్నా మధ్యాహ్నానికి ఎండ ఏటవాలుగా వచ్చి కాళ్ల మీదే పడుతుంది. క్యూకి మాత్రం నీడ, ఫ్యాన్లు, నీళ్లు చిమ్మే గొట్టాలు. అవి ఉండాల్సిందే, తప్పుపట్టను. సాయంత్రానికి బూట్లు విప్పితే సాక్సు అచ్చు పిక్కల మీద లోతుగా పడి ఉండేది. నాతో చేసిన ఒకావిడకు నరాలు ఉబ్బిపోయాయి, ఆవిడ ఇప్పటికీ అక్కడే చేస్తోంది.

కుర్చీ ఎందుకివ్వరని సూపర్‌వైజర్ని అడిగితే, కూర్చుంటే కునుకు పడుతుంది, గెస్టులు చూస్తే బాగుండదు అనేవాడు. మొదటి మాటకు జవాబు రోడ్డు మీదే ఉంది. ఎంటీసీ సిటీ బస్సు డ్రైవరు కూర్చునే నడుపుతాడు, రైలు నడిపే లోకోపైలట్ కూర్చునే నడుపుతాడు, మెట్రో పనుల్లో క్రేన్ ఆపరేటరూ కూర్చునే బరువులెత్తుతాడు. వాళ్లంతా నిలబడితే అప్రమత్తంగా ఉంటారని ఎవరూ అనరు. ఇక రెండోదే అసలు కారణమని నా అనుమానం. కూర్చున్న పనివాణ్ణి చూస్తే డబ్బులిచ్చి వచ్చినవాడికి ఒళ్లుబద్ధకంలా కనిపిస్తుందని యాజమాన్యాల భయం.

ఈసీఆర్‌లో వీజీపీ పార్కు దగ్గరి బొమ్మ మనిషిని చూడని చెన్నైవాళ్లు తక్కువ. మీసాలు, తలపాగా పెట్టుకుని, పిల్లలు ఎన్ని వేషాలేసినా కదలకుండా నవ్వకుండా నిలబడే ఆయన. అక్కడ కదలకుండా నిలబడటమే ప్రదర్శన. మా పని ప్రదర్శన కాదు, చూపు.

నీళ్ల వైపు పనిచేసే లైఫ్‌గార్డుల మాట కూడా చెప్పాలి. వాళ్ల శిక్షణలో ఒక లెక్క ఉంటుంది: తన పరిధి మొత్తాన్ని పది సెకన్లలో చూపుతో చుట్టాలి, ఎవరైనా మునుగుతుంటే తర్వాతి ఇరవై సెకన్లలో అక్కడికి చేరాలి. నీటి మీద మెరిసే ఎండలోకి, క్లోరిన్‌తో ఎర్రబడ్డ కళ్లతో, గంటల తరబడి ఒకే చోట నుంచి అలా చూడగలిగేవాడు ఎవడు? మనిషిని తరచూ మార్చాలి, చాలా దేశాల్లో మారుస్తారు కూడా. ఎలుగుబంటి, కుందేలు వేషాలేసి పిల్లలతో ఫొటోలు దిగే కుర్రాళ్ల సంగతి రాయబోతే ఇంకో లేఖ అవుతుంది.

ప్రమాదాలన్నిటికీ అలసటే కారణమని నేననను. 2016 మేలో తాంబరం వైపున్న ఒక పార్కులో ట్రయల్ వేస్తుండగా రైడ్ కూలి ఒక ఉద్యోగి చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. ఎక్కినవాళ్లు సిబ్బందే. 2025 మేలో ఈసీఆర్‌లోని ఇంకో పార్కులో రైడ్ పైకి వెళ్లి ఆగిపోతే, ముప్పై మంది దాకా గంటల తరబడి గాల్లో ఉండిపోయారు, ఫైర్ సర్వీసు వాళ్లు వచ్చి దించారు. అవి యంత్రాల కథలు. కానీ యంత్రం మొరాయించిన ఆ మొదటి నిమిషంలో గుర్తుపట్టాల్సింది, ఆపాల్సింది, పైనున్నవాళ్లకు ధైర్యం చెప్పాల్సింది కింద ప్యానెల్ దగ్గరున్న మనిషే. పొద్దున్నుంచి కాళ్ల మీదే ఉన్నవాడి బుర్ర సాయంత్రం అయిదింటికి ఎంత చురుగ్గా పనిచేస్తుందో నాకు తెలుసు.

2025 డిసెంబరులో తిరుప్పోరూరు దగ్గర వండర్‌లా పార్కు కూడా తెరుచుకుంది. ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లు, అమ్మాయిలు ఇంకా పెరుగుతారు. వడగాలిని రాష్ట్ర విపత్తుగా తమిళనాడు ప్రభుత్వం 2024లో ప్రకటించింది. కాబట్టి కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్లు బట్టల కొట్లతో ఆగిపోకుండా పార్కుల లోపలికీ రావాలి. రైడ్ సర్టిఫికెట్ ఉందా అని చూసేటప్పుడే ప్యానెల్ దగ్గర నీడ, ఎత్తైన కుర్చీ ఉన్నాయా అని చూడాలి. కుర్చీ ఎత్తుగా ఉంటే సీట్లన్నీ కనిపిస్తాయి, చెయ్యి స్టాప్ బటన్ మీదే ఉంటుంది. ఖర్చు ఒక కుటుంబం ఒక రోజు పెట్టే టికెట్ డబ్బును దాటదు. నాలుగు గంటల పని తర్వాత గంట విరామం ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. సెలవు రోజుల్లో "ఇవాళ రష్ కదా" అంటూ అది పావుగంట భోజనంగా కుదించుకుపోతుంది. ఆ లెక్క హాజరు పుస్తకంలో కనపడదు, కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లను ఇన్‌స్పెక్టర్లు పక్కకు పిలిచి అడిగితేనే తెలుస్తుంది.

మీ పాఠకులకు కూడా ఒక విన్నపం. ఈ సెలవుల్లో పార్కుకు వెళ్తే, బయటికొచ్చేటప్పుడు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారంలో "ఆపరేటర్లకు కుర్చీలు లేవు" అని ఒక్క వాక్యం రాయండి. మేం నోటితో చెప్పింది సూపర్‌వైజర్ దగ్గరే ఆగిపోయేది. గెస్టు రాసిన కాగితం మాత్రం మేనేజర్ టేబుల్ దాకా వెళ్లేది.

ఇట్లు,
ఒక మాజీ రైడ్ ఆపరేటర్,
కొళత్తూరు, చెన్నై
(నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నందున పేరు ప్రచురించవద్దని మనవి.)