ఈతపోటీకి అతిథి ముహూర్తం

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. సంక్రాంతి వెళ్లిన తరువాతి ఆదివారం విజయవాడ పున్నమి ఘాట్ వద్ద ఆరు ఈత క్లబ్బులు కలిసి జరుపుకొన్న స్నేహపూర్వక పోటీ గురించి మరునాడు మీ జిల్లా పేజీలో వార్త, ఫొటో వచ్చాయి. ఫొటోలో ముఖ్య అతిథి పచ్చజెండా ఊపుతున్నారు. ఆయనకు ఇరువైపులా పదకొండుమంది నిలబడి ఉన్నారు. వారిలో ఈత టోపీ పెట్టుకున్నవారు ఒక్కరూ లేరు. ఆ ఫొటో తీసే సమయానికి మేమంతా నడుములోతు నీళ్లలో నిలబడి, వెనక్కి తిరిగి మెట్ల వైపు చూస్తున్నాం. విజేతల పేర్లన్నీ మీ వార్తలో తప్పు లేకుండా వచ్చాయి. అయితే ఉదయం 7 గంటలకు మొదలు కావలసిన పోటీ 9.20కి మొదలైందన్న మాట మాత్రం అందులో లేదు. ఆ రెండు గంటల ఇరవై నిమిషాల వల్ల ఏం జరిగిందో నీళ్లలో ఉన్నవాడిగా చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు 61 ఏళ్లు. ఎండు సొరకాయలు నడుముకు కట్టుకొని బందరు కాలువలో ఈత నేర్చుకున్న తరం మాది. ఉద్యోగ విరమణ తరువాత ఒక క్లబ్బులో చేరి, రోజూ కొలనులో ఈదుతూ, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇలాంటి నదీ పోటీల్లో పాల్గొంటున్నాను. కొలనులో ఎంత ఈదినా నది వేరు. అడుగున నల్లగీత ఉండదు, కాలితో తన్ని తిరగడానికి గోడ ఉండదు, ఎనిమిది పది బారలకు ఒకసారి తల ఎత్తి గుర్తు చూసుకోకపోతే దారి తప్పుతాం. మా పోటీ దూరం 1,500 మీటర్లు. పున్నమి ఘాట్ మెట్ల దగ్గర బయలుదేరి భవానీ ద్వీపం వైపు వెళ్లి, అక్కడ లంగరు వేసి నిలిపిన రెండు నారింజరంగు బోయాలను (నీటిమీద తేలే గుర్తులను) చుట్టి, తిరిగి అదే మెట్లకు చేరాలి. నగదు బహుమతులు లేవు. గెలిచిన క్లబ్బువారు మిగిలిన అయిదు క్లబ్బులవారికీ టిఫిన్ పెట్టించడం మా ఆనవాయితీ. అందుచేత గెలవడానికి కొందరు వెనుకాడతారని మాలో మేము పరాచికాలాడుకుంటాం.

ఏడు గంటలన్నది ఎవరో వేళ్లమీద లెక్కపెట్టి చెప్పిన సమయం కాదు. ఆ రోజుల్లో కృష్ణమీద పొగమంచు విడిచేసరికి దాదాపు ఏడవుతుంది. అంతకుముందు దిగితే బోయా కనిపించదు. ఎనిమిదిన్నర దాటితే గాలి లేస్తుంది, మరపడవల రాకపోకలు మొదలవుతాయి. ఈ రెంటి మధ్య ఉన్న గంటన్నరే మాకు దొరికే సమయం. పైగా 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ ఆపి నిలబెట్టిన నీరు కావడంతో అక్కడ కృష్ణ చెరువులా నిశ్చలంగా కనిపిస్తుంది గానీ చెరువు కాదు. ఎగువ నుంచి నీరు వదిలినా, దిగువన కాలువల్లోకి నీరు వదిలే హెడ్ రెగ్యులేటర్ల గేట్లు ఎత్తినా నీటిలో లాగు పుడుతుంది. అది ఒడ్డున నిలబడ్డవారి కంటికి ఆనదు, ఈదేవారి భుజాలకు మాత్రం తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 2న ఇదే బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోవడం చూసిన ఊరు మాది. నది మన కార్యక్రమ పత్రిక చదవదని మాకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే నీటిపారుదల సిబ్బందికి, పోలీసులకు, పడవలవారికి నిర్వాహకులు ముందుగానే తెలియజేసి, 7 నుంచి 8.30 వరకు ఆ భాగాన్ని మాకోసం ఖాళీగా ఉంచేలా ఒప్పించారు. అంతవరకు వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఆ ఉదయం 6 గంటలకల్లా 96 మందిమి మెట్లమీద ఉన్నాం. అందరికంటే చిన్నవాడికి పన్నెండేళ్లు, పెద్దాయనకు డెబ్బై దాటాయి. ముంజేతిమీద మార్కరు పెన్నుతో అంకె వేసి, ఒక్కొక్కరికీ అదే అంకె ఉన్న ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చి, 6.30కి హాజరు తీసుకున్నారు. నీళ్లలోంచి పైకి వచ్చినవారు బిళ్లను పెట్టెలో వేయాలి. పెట్టెలోని బిళ్లల లెక్క జాబితాలోని లెక్కతో సరిపోయిన తరువాతే రక్షణ పడవలు ఒడ్డుకు రావాలి. ఏ ఖర్చూ లేని ఈ పద్ధతి నేను చూసినవాటిలో అన్నింటికంటే మంచిది.

ఏడయింది. అతిథి బయలుదేరారన్నారు. ఏడున్నరకు దారిలో ఉన్నారన్నారు. ఎనిమిదింటికి ఇంకొక కార్యక్రమంలో ఉన్నారని తెలిసింది. ఒంటికి కొబ్బరినూనె రాసుకొని, కండరాలు వేడెక్కించుకొని సిద్ధంగా ఉన్నవాళ్లం తువ్వాళ్లు కప్పుకొని కూర్చుండిపోయాం. తెల్లవారుజామున నాలుగున్నరకు తిన్న రెండిడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. పిల్లలు బిస్కెట్లు తినడం మొదలుపెట్టారు. పడవల్లో ఉన్న గజ ఈతగాళ్లు అయిదింటికే వచ్చినవారు, వారి ముఖాల్లో అలసట కనిపిస్తోంది. వేదికమీద మైకు మాత్రం చురుగ్గా ఉంది. 9.10కి అతిథి వచ్చారు, ఆరు నిమిషాలు ప్రసంగించారు, జెండా ఊపారు, మేము ఇంకా మొదటి బోయా చేరకముందే వెళ్లిపోయారట. ఆయనను నిందించడం నా ఉద్దేశం కాదు. నీళ్లలో ఏం తేడా వస్తుందో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

తేడా ఇది. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి ఉండడంతో బాగానే సాగింది. బోయా చుట్టి మళ్లేసరికి అలలు ఎదురయ్యాయి. ఊపిరి కోసం ముఖం తిప్పినప్పుడల్లా నోట్లోకి నీళ్లు కొట్టాయి. తల ఎత్తితే ఎదుటి అల తప్ప మెట్లు కనిపించలేదు. సగం దారిలో ఎవరిదో మరపడవ మా వరుసకు అడ్డంగా వెళ్లింది. ఆ పడవ నడిపేవారి తప్పు కూడా లేదు, వారిని 8.30 వరకే ఆగమన్నారు, అప్పటికి 9.40 దాటింది. ఇద్దరికి పిక్కలు పట్టేసి పడవ ఎక్కవలసి వచ్చింది. కొలనులో 38 నిమిషాల్లో ఈదే దూరానికి నాకు 47 నిమిషాలు పట్టింది, 81వ వాడిగా మెట్లెక్కాను. ఇవన్నీ ఓర్చుకోదగినవే, నదిలో దిగేవాడు వీటికి సిద్ధపడే దిగుతాడు. సిద్ధపడనిది ఆ తరువాత జరిగింది.

పెట్టెలో 92 బిళ్లలు ఉన్నాయి. జాబితా ప్రకారం 93 ఉండాలి.

ఎదురుచూపుల మధ్యలో నలుగురు ఇక ఆగలేమని వెళ్లిపోయారు. వారిలో ముగ్గురు చెప్పి, బిళ్ల తిరిగిచ్చి వెళ్లారు. నాలుగో ఆయన చెప్పలేదు. నీళ్లలోకి దిగేముందు మళ్లీ హాజరు తీసుకోవాలని మా క్లబ్బు శిక్షకుడు గట్టిగానే అడిగారు గానీ, అతిథికి సమయం లేదని వద్దన్నారు. ఫలితంగా మూడు పడవలు, పదిమంది గజ ఈతగాళ్లు ఇరవై అయిదు నిమిషాల పాటు రెండు బోయాల చుట్టూ, ద్వీపం ఒడ్డున గుర్రపుడెక్క పట్టిన చోట కర్రలతో వెతికారు. టిఫిన్ పొట్లాలు చేతిలో పట్టుకొని మెట్లమీద నిలబడ్డ మాలో ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఎవరో ఫోను నంబరు సంపాదించి చేస్తే, ఆయన ఎత్తి, దుకాణంలో బేరం మధ్యలో ఉన్నానని, ఏమైందని అడిగారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా అప్పటికి ఎవరికీ ఓపిక లేదు.

లెక్క తప్పడం ఎందుకు చిన్న విషయం కాదో అంతర్జాతీయ ఈతరంగానికి తెలుసు. 2010 అక్టోబరు 23న యూఏఈలోని ఫుజైరాలో జరిగిన 10 కిలోమీటర్ల ప్రపంచకప్ పోటీలో, వేడెక్కిన సముద్రంలో ఈదుతూ అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ 26 ఏళ్ల వయసులో మరణించారు. తోటి ఈతగాళ్లు గట్టెక్కిన తరువాత గానీ ఆయన రాలేదన్న సంగతి తేలలేదు. ఆ దుర్ఘటన తరువాతే నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు మించితే పోటీ జరపరాదన్న నియమం వచ్చింది; 16 కంటే తగ్గినా జరపరు. పోటీ రోజున మొదలుకావడానికి రెండు గంటల ముందు, పోటీ జరిగే నీటి నడిమధ్యన, 40 సెంటీమీటర్ల లోతున ఆ ఉష్ణోగ్రత కొలుస్తారు. మేము మెట్లమీద కూర్చున్న సమయం ఆ రెండు గంటలకంటే ఎక్కువ. మాది ప్రపంచకప్ కాదు, నిజమే. కానీ మునిగే నీటికి స్నేహపూర్వకమా కాదా అన్న తేడా ఉండదు.

ఆలస్యం ఖరీదు ఎంతో మన దేశపు ఈత చరిత్రలోనే ఉంది. ఆరతీ సాహా 1959 ఆగస్టు 27న ఇంగ్లిష్ చానల్ దాటే పోటీలో పాల్గొన్నారు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు ఆమె బయలుదేరవలసి ఉండగా, దారి చూపవలసిన పడవ వేళకు రాకపోవడంతో 40 నిమిషాలు ఆలస్యమయింది, అనుకూలమైన నీటిపోటు తప్పిపోయింది. ఇంగ్లండు తీరానికి కొద్ది మైళ్ల దూరం వరకు వెళ్లి, ఎదురు ప్రవాహంలో గంటల తరబడి పెనుగులాడి, చివరికి విరమించుకోవలసి వచ్చింది. మళ్లీ సెప్టెంబరు 29న దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటి, చానల్ ఈదిన తొలి ఆసియా మహిళ అయ్యారు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల గారు 2021 మార్చిలో శ్రీలంక వైపు నుంచి పాక్ జలసంధి ఈది వచ్చినప్పుడు కూడా తెల్లవారకముందే నీళ్లలోకి దిగారు. సముద్రం ఈదేవారి నిద్ర, తిండి, ప్రయాణం అన్నీ ఆటుపోట్ల పట్టికను అనుసరించి నడుస్తాయి. నది ఈదేవారికి ఆ పాటి మన్నన దక్కకపోవడమే విచిత్రం.

ఆ ఇరవై అయిదు నిమిషాల గాలింపు చూసినవారిలో కొందరు, ఇటువంటి పోటీలకు అనుమతే ఇవ్వకూడదని అప్పుడే అనడం మొదలుపెట్టారు. ఆ మాటతో నేను ఏకీభవించను. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం మన దేశంలో నీటమునిగి చనిపోతున్నవారు ఏటా 30 వేలకు పైనే. కాలువగట్లమీద, చెరువుల్లో, క్వారీ గుంటల్లో, సెలవురోజు సరదాగా దిగిన రేవుల్లో ఆ ప్రాణాలు పోతున్నాయి. అక్కడ పడవ ఉండదు, బిళ్ల ఉండదు, లెక్కపెట్టేవారు ఉండరు. ఆ ఆదివారం మాతో ఈదిన పన్నెండేళ్ల పిల్లవాడు అలసినప్పుడు వెల్లకిలా తేలుతూ ఊపిరి తీసుకొని మళ్లీ సాగడం నేను పక్కనుంచి చూశాను. అది కొలనులో చెబితే వచ్చే విద్య కాదు.

అందువల్ల అనుమతి ఇచ్చే అధికారులకు నా విన్నపం ఒక్కటే. అనుమతి పత్రంలో స్థలంతోపాటు ప్రారంభ సమయాన్ని కూడా షరతుగా రాయండి. ఆ సమయం అరగంటకు మించి దాటితే, నీటి అంచున తిరిగి హాజరు తీసుకొని, గాలినీ పడవల రాకపోకలనూ మళ్లీ చూసుకొని, రక్షణ బాధ్యుడు ఒప్పుకొంటేనే దిగనివ్వండి. ఆయన వద్దంటే వేదికమీద ఎవరున్నా పోటీ ఆ రోజుకు లేనట్లే. అతిథులను పిలవవద్దని నేను అనను. పిల్లలకు పతకాలు పెద్దల చేతులమీదుగా అందితే సంతోషమే, ఆ పని ఎండెక్కిన తరువాత కూడా నిక్షేపంగా జరుగుతుంది.

వచ్చే ఏడాది ఈ పోటీ జరిపే వంతు మా క్లబ్బుది. ఆహ్వాన పత్రికలో ఈత ఉదయం 7 గంటలకు, బహుమతి ప్రదానం 9.30కి అని వేర్వేరుగా అచ్చు వేయించాలని మొన్న సమావేశంలో తీర్మానించాం. జెండా ఊపే పని మాలో అందరికంటే పెద్దాయనకు అప్పగించాం. ఆయన నాలుగింటికే లేస్తారు. మీ విలేకరికీ అదే ఆహ్వానం పంపుతాం. ఏ సమయానికి రావాలో మీ ఫొటోగ్రాఫరు ఇష్టం.

ఇట్లు,
81వ వాడిగా మెట్లెక్కిన ఈతగాడు,
భవానీపురం, విజయవాడ