బోర్డింగ్ పాస్ మీద నాలుగు ‘ఎస్’లు

సంపాదకుడు గారికి,

అమెరికా ప్రయాణం అనగానే వీసా ఇంటర్వ్యూల గురించి, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నల గురించి పత్రికల్లో బోలెడంత వస్తుంది. బోర్డింగ్ పాస్ మీద ఓ మూల అచ్చయ్యే నాలుగు ‘ఎస్’ల గురించి మాత్రం నాలుగు ముక్కలు కూడా కనబడవు. అందుకే అవి కనబడ్డ రోజున కొందరు తమ మీద ఏదో కేసు పడిందని బెంబేలెత్తిపోతారు. ఇంకొందరు కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మీద విరుచుకుపడతారు. ఆ అమ్మాయికి ఆ అక్షరాలు చెరిపే అధికారం లేదు, ఎందుకు పడ్డాయో ఆమె తెర మీద కనబడదు కూడా. టికెటింగ్ బల్ల దగ్గర పనిచేసేవాళ్లకు రోజూ తెలిసే ఈ సంగతులు ప్రయాణికులకూ తెలిస్తే సగం గొడవ తగ్గుతుందని ఈ ఉత్తరం.

‘సెకండరీ సెక్యూరిటీ స్క్రీనింగ్ సెలక్షన్’ అన్న మాటల పొడి అక్షరాలే ఆ నాలుగు ఎస్‌లు. ఈయన్ని, లేదా ఈమెను, మామూలు తనిఖీతో వదలొద్దు, ఇంకోసారి క్షుణ్ణంగా చూడండి అని అర్థం. నిర్ణయం అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏది. ‘సెక్యూర్ ఫ్లైట్’ అనే ఏర్పాటు కింద ఎయిర్‌లైన్ ప్రతి ప్రయాణికుడి పూర్తి పేరు, పుట్టిన తేదీ, స్త్రీనో పురుషుడో ఆ వివరం విమానానికి 72 గంటల ముందు నుంచి ఆ సంస్థకు పంపిస్తుంది. అక్కడి కంప్యూటర్ వాటిని జాబితాలతో పోల్చి మూడింట్లో ఒక జవాబిస్తుంది. దారి క్లియర్, అదనపు తనిఖీ, లేదా బోర్డింగ్ పాసే ఇవ్వొద్దు. రెండో జవాబు వచ్చినవాళ్లకే ఈ నాలుగు ఎస్‌లు.

తొలి సూచన ఇంట్లోనే కనబడుతుంది. ఆన్‌లైన్ చెక్ఇన్ చివరిదాకా వెళ్లి, ‘విమానాశ్రయంలో మా సిబ్బందిని కలవండి’ అని ఆగిపోతుంది. అయితే వీసా కళ్లతో చూడాల్సి ఉన్నా అదే మాట వస్తుంది కాబట్టి అంతమాత్రాన ఖాయం చేసుకోనక్కర్లేదు. ఆ రోజు ఓ గంట ముందు బయల్దేరితే చాలు.

ఇక ఎందుకు పడతాయన్నది. కారణం టీఎస్‌ఏ ఎవరికీ చెప్పదు. కానీ దారులు తెలిసినవే. యాదృచ్ఛికంగా తీసే ఎంపిక ఒకటి. ప్రయాణం తీరును బట్టి కంప్యూటర్ నియమాలు పట్టేది మరొకటి. ఎఫ్‌బీఐ నిర్వహించే ఉగ్రవాద అనుమానితుల పట్టికలోంచి తీసిన ‘సెలక్టీ’ జాబితాలో, అంటే అదనపు తనిఖీ చేయాల్సినవాళ్ల జాబితాలో, పేరుండడం మూడోది. ఆ జాబితాలో ఉన్న ఇంకెవరి పేరుతోనో మన పేరు కలవడం నాలుగోది. మాటిమాటికీ ఇబ్బంది పడేవాళ్లలో చాలామంది ఈ నాలుగో దారిన వచ్చినవాళ్లే అన్నది నా అంచనా.

పేరు కలిస్తే ఎంతటివారికైనా తప్పలేదు. సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీని పదే పదే ఆపిన సంగతి 2004లో ఆయనే సెనేట్ విచారణలో చెప్పారు. జాబితాలో ఉన్న ఎవరి మారుపేరో ‘టి. కెనడీ’ అట. అప్పట్లో జాబితాను ఎయిర్‌లైన్లే దగ్గర పెట్టుకుని ఎవరికి వారు పేర్లు పోల్చుకునేవి. ఆ పని 2009 నుంచి టీఎస్‌ఏ తన చేతిలోకి తీసుకుంది. 2010 చివరికల్లా అమెరికాకు వచ్చే, అక్కణ్నుంచి పోయే విమానాలన్నీ సెక్యూర్ ఫ్లైట్ కిందికి వచ్చాయి. పుట్టిన తేదీ తప్పనిసరి చేసింది అందుకే. ఒకే పేరున్న ఇద్దర్ని విడదీసేది ఆ తేదీయే.

గుమాస్తా పొరపాటు ఎంత దూరం పోతుందో చూడాలంటే రహీనా ఇబ్రహీం కేసు చాలు. ఈ మలేషియా మహిళ స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తుండగా 2004 నవంబరులో ఓ ఎఫ్‌బీఐ ఏజెంటు ఆమె పేరు మీద ఫారం నింపాడు. ఏ జాబితాల్లో చేర్చకూడదో వాటికి టిక్కు పెట్టమని ఫారంలో ఉంటే, ఆయన దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నాడు. 2005 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో ఆమె చేతులకు బేడీలు పడ్డాయి. తప్పు టిక్కు సంగతి 2013లో కోర్టు వ్యవహారంలో గానీ బయటపడలేదు. 2014 జనవరిలో తీర్పు ఆమె పక్షాన వచ్చింది.

ఫారంలో ఒక్క గడి విలువ అంత. అందుకే మన చేతిలో ఉన్న గడుల సంగతి కాస్త నిదానంగా చెబుతాను. తెలుగువాళ్ల పేర్లు టికెట్ గడుల్లో ఇమడవు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. మధ్యలో రెండు మూడు పొడి అక్షరాలు. పాస్‌పోర్టులో పేరు పూర్తిగా విప్పి ఉంటే టికెట్లో పొడి అక్షరాలతో సరిపెట్టేస్తారు. ఇంటిపేరు అసలు పేరు గడిలోకి, అసలు పేరు ఇంటిపేరు గడిలోకి పోతుంటాయి. ‘సర్‌నేమ్’ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులకైతే అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్ కింద వచ్చి, రెండో గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’ అని దానర్థం. అలాంటి పేరును టికెట్లో ఎలా వేయాలన్నది ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది కాబట్టి టికెట్ తీయకముందే అడిగి తీరాలి. తీశాక దిద్దుబాటుకు డబ్బు కట్టాలి, కొన్నిసార్లు టికెట్టే రద్దు చేసి మళ్లీ తీయాలి. పదాల మధ్య ఖాళీ లేకుండా పేరంతా అతుక్కుపోయి అచ్చయితే మాత్రం కంగారొద్దు, అది కంప్యూటర్ల అలవాటు.

పేరుకన్నా ఎక్కువగా కొంప ముంచేది తేదీ. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. అమెరికా సైట్లలో నెల ముందు. మార్చి 7న పుట్టినవారు జులై 3న పుట్టినట్టు నమోదవుతారు. 12 దాటని తేదీలన్నిటికీ ఈ ప్రమాదం ఉంది, పైగా కంప్యూటర్ దాన్ని తప్పని పట్టుకోదు. కుటుంబమంతటికీ కలిపి బుక్ చేసేటప్పుడు తండ్రి తేదీ తల్లి పేరు కిందికి పోవడం, ఆడ-మగ గడి అటుదిటు కావడం ఇంకో మామూలు తప్పు. ఏజెంటు దగ్గర తీసుకుంటే టికెట్ కాగితంతో సరిపెట్టుకోకండి. ‘బుకింగ్‌లో డాక్స్ లైన్ చదివి వినిపించండి’ అనండి. పేరు, పుట్టిన తేదీ, ఆడ-మగ వివరం ఉండేది ఆ లైన్లోనే, టీఎస్‌ఏకు వెళ్లేదీ అదే.

తనిఖీ ఎలా ఉంటుంది? వేరే దేశం నుంచి అమెరికాకు ఎక్కేటప్పుడు సాధారణంగా గేటు దగ్గరే జరుగుతుంది. పేరు పిలిచి పక్కన ఉన్న బల్ల దగ్గరికి తీసుకెళ్తారు. చేతి సంచి మొత్తం ఖాళీ చేస్తారు. చెప్పులు, బూట్లు విప్పాలి. ఒళ్లు తడిమి చూస్తారు. అయ్యాక బోర్డింగ్ పాస్ మీద ముద్ర గానీ సంతకం గానీ పెడతారు. ఆ ముద్ర లేకపోతే గేటు దాటనివ్వరు. కాబట్టి తర్వాత సీటు మార్చి కొత్త పాస్ ఇచ్చినా, ముద్ర పడ్డ పాతది పారేయకండి. అమెరికా లోపల ఇదంతా సెక్యూరిటీ చెక్‌పాయింట్ దగ్గరే అయిపోతుంది. తనిఖీ త్వరగా ముగిసేలా టీఎస్‌ఏ ఇచ్చే ‘ప్రీచెక్’ సభ్యత్వం ఉన్నా ఆ రోజుకు పనిచేయదు. బూట్లు విప్పే నియమాన్ని 2025 జులైలో అందరికీ సడలించారు గానీ, అదనపు తనిఖీకి పక్కకు పిలిచినప్పుడు విప్పమంటే విప్పాల్సిందే.

మనిషినీ చేతి సంచినీ ఇంత పట్టుగా చూడడానికి ఓ పాత కథ ఉంది. కంప్యూటర్ ఎంపిక అమెరికాలో 1998 నాటికే ఉంది. 2001 సెప్టెంబర్ 11 ఉదయం పోర్ట్‌లాండ్‌లో, ఆ రోజు విమానాలు హైజాక్ చేసినవాళ్లలో ఒకడైన మహమ్మద్ అట్టాను ఆ కంప్యూటర్ పట్టింది కూడా. అప్పటి నియమం ప్రకారం చేసిందల్లా ఒకటే: ఆయన విమానం ఎక్కేదాకా లగేజీ పెట్టెను ఎక్కించకుండా ఆపారు. మనిషినీ చేతి సంచినీ అదనంగా చూడలేదు.

బల్ల మీద అందరూ భయపడే ఘట్టం గుడ్డముక్క పరీక్ష. చిన్న తెల్లటి పట్టీని అరచేతులకు, సంచి జిప్పులకు, ల్యాప్‌టాప్ అంచులకు రుద్ది యంత్రంలో పెడతారు. యంత్రం దాన్ని వేడిచేసి, అంటుకున్న రేణువులను ఆవిరి చేసి, వాటికి విద్యుదావేశం ఇచ్చి పరిగెత్తిస్తుంది. ఏ అణువు ఎంతసేపట్లో అవతలికి చేరిందన్నదే దాని లెక్క. పేలుడు పదార్థాల వేగంతో కలిస్తే గంట మోగిస్తుంది. చిక్కేమిటంటే చేతులకు రాసుకునే గ్లిసరిన్ లోషన్, కొన్ని సబ్బులు, ఎరువులు, బాణసంచా పొడి, గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిసరిన్ మాత్రలు కూడా దాన్ని మోగించగలవు. గంట మోగినంత మాత్రాన అరెస్టు కాదు. మళ్లీ రుద్దుతారు, సంచిలోని వస్తువులన్నీ విడివిడిగా చూస్తారు, ఒళ్లు ఇంకాస్త నిశితంగా తడుముతారు. ఓ అరగంట ఎగిరిపోతుంది, అంతే. ప్రయాణం రోజు లోషన్ మానేసి, గేటుకు వెళ్లేముందు మామూలు నీళ్లతో చేతులు బాగా కడుక్కుంటే మేలు. నైట్రోగ్లిసరిన్ మాత్రలు వాడేవాళ్లు ఆ మాట పరీక్షకు ముందే చెప్పాలి.

స్కానర్ తెర మీద కనిపించేది మన శరీరం కాదు, బొమ్మలాంటి ఓ ఆకారం మీద పసుపు గడి. నడుం దగ్గర దోపిన కుచ్చిళ్లు, మందపాటి జడ, పూసలూ జరీ కుట్టిన బట్టలు, జేబులో మరిచిన రుమాలు కూడా ఆ గడిని తెప్పిస్తాయి. తడిమేది ఆడవాళ్లనైతే ఆడ అధికారే, మగవాళ్లనైతే మగ అధికారే. సున్నితమైన చోట సాధారణంగా చేతి వెనక భాగంతో చూస్తారు. గదిలో చూడమని అడిగే హక్కుంది, తోడుగా ఇంట్లోవాళ్లను లోపలికి తీసుకెళ్లే హక్కూ ఉంది. పెద్దవాళ్లు మొహమాటపడి అడగరు, పిల్లలు ముందే చెప్పి పంపాలి. సంచి సోదా జరుగుతున్నంతసేపు దాన్ని ముట్టుకోకూడదు, కానీ అది కళ్లకు కనబడేలా ఉంచమని అడగొచ్చు. బాంబు అన్న మాట సరదాకైనా నోటమ్మట రాకూడదు.

సంచి సర్దడంలో రెండే జాగ్రత్తలు. అమెరికాకు వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్ల డబ్బాకు మించిన ఏ పొడినైనా 2018 జూన్ 30 నుంచి విడిగా పరీక్షిస్తారు, తేలకపోతే క్యాబిన్‌లోకి రానివ్వరు. పొడులన్నీ లగేజీ పెట్టెలో పెట్టేయండి. రెండోది, ఫోనూ ల్యాప్‌టాపూ ఆన్ చేసి చూపమంటారు. చార్జింగ్ అయిపోయిన పరికరాన్ని విమానంలోకి అనుమతించబోమని 2014 జులై నుంచే విదేశీ విమానాశ్రయాలకు చెబుతున్నారు. ఆన్ అవుతుందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న, లోపల ఏముందో చదవడం టీఎస్‌ఏ పని కాదు. అమెరికాలో దిగాక ఫోన్ తెరిపించగలిగేది సరిహద్దు విభాగం సీబీపీ. జనం ఈ రెంటినీ కలిపేసి, నాలుగు ఎస్‌లు పడితే ఇమిగ్రేషన్‌లో తిప్పి పంపుతారని పుకార్లు పుట్టిస్తున్నారు. ఇది వేరు, అది వేరు.

దిగిన ఊళ్లో ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే ఆ బోర్డింగ్ పాస్ మీద కూడా నాలుగు ఎస్‌లు ఉంటాయో లేదో అక్కడే చూసుకోండి. ఇమిగ్రేషన్, కస్టమ్స్ అయ్యాక మళ్లీ సెక్యూరిటీ దాటాలి కాబట్టి తనిఖీ రెండోసారి జరుగుతుంది. గంటన్నర వ్యవధి ఉన్న కనెక్షన్ దీనికి చాలదు. మూడు గంటలు పెట్టుకోండి.

ఒక్కసారి పడితే ఊరుకోండి. వరసగా పడుతుంటే ‘డీహెచ్ఎస్ ట్రిప్’ ఉంది. అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ 2007 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ఫిర్యాదుల విభాగమిది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి, రుసుము లేదు. అమెరికా పౌరులే కానక్కర్లేదు. పాస్‌పోర్టు ఫొటో పేజీ నకలు జతచేయాలి. ‘ప్రతిసారీ ఆపుతున్నారు’ అని రాస్తే బలం చాలదు. ఏ తేదీన, ఏ విమానంలో, ఎక్కడ ఆపారో రాయాలి. నాలుగు ఎస్‌లున్న బోర్డింగ్ పాస్‌ను ఫొటో తీసి దాచమనేది ఇందుకే. జవాబుకు నెలలు పట్టొచ్చు. వచ్చిన ఉత్తరంలో మీరు జాబితాలో ఉన్నారనీ ఉండదు, లేరనీ ఉండదు. చదివి నిరాశపడి చించేసేవాళ్లున్నారు. చించొద్దు. దాంట్లో మీ ఫిర్యాదుకు గుర్తుగా ఏడంకెల రిడ్రెస్ కంట్రోల్ నంబరు ఉంటుంది. జాబితాలో ఉన్న ఇంకెవరో మీరు కాదని పోల్చుకోవడానికి పనికొచ్చేది అదే, అసలు సరుకు అదే.

ఆ నంబరు దానంతటది ఏ టికెట్‌కీ అంటుకోదు. ప్రతి బుకింగ్‌లోనూ మళ్లీ వేయాలి. సైట్లో ‘రిడ్రెస్ నంబర్’ గడి ప్రీచెక్ సభ్యుల కోసం ఉన్న ‘నోన్ ట్రావెలర్ నంబర్’ గడి పక్కనే ఉంటుంది. తొందరలో రెండో దాంట్లో కొట్టేస్తే అది వృథా. ఏజెంటైతే బుకింగ్‌లో ‘డోకో’ అనే ఇంకో లైన్‌లో ‘ఆర్’ అక్షరంతో వేస్తారు. టికెట్ ఒక ఎయిర్‌లైన్‌ది, విమానం ఇంకో ఎయిర్‌లైన్‌ది అయినప్పుడు నంబరు అవతలికి చేరకపోవడం కద్దు. అందుకని విమానం నడిపే కంపెనీ సైట్లో, వాళ్ల బుకింగ్ కోడ్‌తో తెరిచి, నంబరు కనబడుతోందో లేదో 72 గంటల ముందే చూసుకోవాలి.

ఇట్లు,
విమాన టికెట్ల పనిలో ఉన్న ఓ పాఠకుడు