‘ఆమా’ అంటే రాసేసుకోకు

పెరంబూరు, చెన్నై

చిట్టితల్లీ,

సోమవారం నుంచి గర్భిణుల ఓపీలో డ్యూటీ వేశారని నిన్న నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు పక్కన మీ నాన్న, పెద్దమ్మ ఉన్నారు. చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది.

నువ్వు ఒకటో క్లాసులో ఉన్నప్పటి మాట. ఆ రోజు ఓపీ కిటకిటలాడుతోంది. నేను బీపీ బల్ల దగ్గర ఉన్నాను. చేతికి పట్టీ చుట్టడం, అంకె రాయడం, “కాళ్ల వాపుందా? తలనొప్పా? బిడ్డ కదులుతోందా?” అని తమిళంలో గడగడా అడిగేసి పంపేయడం. అదే వరసలో ఒకమ్మాయి వచ్చి కూర్చుంది. ఎనిమిదో నెల. గోళ్ల చుట్టూ ఎండిన సిమెంటు. నేనేమడిగినా “ఆమా, ఆమా” అంది, అంటే తమిళంలో అవును అని. కాళ్ల వాపుకు కూడా ఆమా అన్నప్పుడైనా నేను తలెత్తి ఆ కాళ్ల వైపు చూసి ఉండాల్సింది. చూడలేదు. బిడ్డ కదలిక బాగుందని రాసేశాను.

బయట వరండా తుడుస్తున్న ఆయమ్మ ఆ పిల్లను “ఏ ఊరమ్మా?” అని తెలుగులో పలకరించింది. నాయుడుపేట దగ్గరట. రెండు నిమిషాల్లో ఆయమ్మ లోపలికి పరుగెత్తుకొచ్చింది. “సిస్టర్, ఆ పిల్లకి నిన్న పొద్దుటి నుంచి కడుపులో బిడ్డ కదల్లేదంట!”

గుండె చప్పుడు చూసి డాక్టరమ్మ అటునుంచి అటే ఆపరేషన్‌కు తీసుకెళ్లింది. బిడ్డ బతికాడు. రెండు కిలోలు కూడా లేడు.

ఆమెకు ఆ ఒక్క ముక్క తప్ప తమిళం రాదు. నాకు తెలుగు వచ్చు, మన ఇంటి భాషే అది. ఏ ఊరని ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. తర్వాత వార్డులో, “ఎవరికో ఒకరికి చెప్పాల్సింది కదమ్మా” అన్నాను. “పోయిన నెల బరువు మిషన్ దగ్గర కసిరారు మేడమ్, భయమేసింది” అంది. కసిరింది నేనో ఇంకొకరో, నేను అడగలేదు.

మీ బెంగళూరులో హిందూపురం, మదనపల్లె వైపు నుంచి పనికొచ్చినవాళ్లు ఎందరో. నువ్వు కన్నడంలో అడిగితే ‘హౌదు’ అంటారు. అందుకని అవును కాదుతో తేలిపోయే ప్రశ్న వేయకు. “బిడ్డ చివరిసారి ఎప్పుడు కదిలింది?” అని అడుగు, ఆమె చెప్పేదాకా ఆగు. కదలిక తగ్గిందంటే రేపు రమ్మనకు, ఆ పూటే చూపించు. గర్భిణులకు మీ దగ్గర ఇచ్చే తాయి కార్డు మీద పేరుంటుంది కదా, ఆ పేరుతోనే పిలువు. బరువు, ఎన్నో కాన్పు, ఇదివరకు పోయిన కడుపు, ఇవన్నీ హాలంతా వినేలా అరవకు. పొట్ట చూసే ముందు తెర లాగు.

ఐరన్ మాత్రలు మింగలేదంటే తిట్టకు. వికారమా, మలబద్ధకమా అని అడిగితే అసలు కారణం బయటికొస్తుంది. తిట్లు తిన్నవాళ్లు మళ్లీ నెల రారమ్మా. రాకపోతే బీపీ 140/90 దాటిందని ఎవరు కనిపెడతారు?

రేపు నిన్ను కాన్పు గదిలోనూ వేస్తారు. నొప్పులతో అరిచే ఆడదాన్ని “అప్పుడు తెలియలేదా?” అని అడగడం నా చెవులారా విన్నాను. విని ఊరుకున్నాను కూడా. ఆ మాట నీ నోట రాకూడదు. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో తల్లికి తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వడం 2004లో మొదలైంది, 2016లో కేంద్రం దేశమంతా ఉండనివ్వమంది. మొదట్లో అడ్డమని సణిగినవాళ్లలో నేనూ ఉన్నాను. నడుము నిమరడానికి అమ్మో అక్కో పక్కనుంటే ఆ తల్లుల అరుపులు తగ్గేవి. పరాయి మనిషి వింటోందని మా నోళ్లూ అదుపులో ఉండేవి.

నీకూ కాళ్లు పీకుతాయి, ముగ్గురి పని ఒక్కదానివే చేయాల్సి వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. మనుషుల్ని పెంచమని పైవాళ్లను గట్టిగా అడుగు. బల్లకు అవతల కూర్చున్న ఆమె మీద మాత్రం చూపించకు.

ఆ ఆయమ్మ పోయిన ఏడాది కాలం చేసింది. ఆ రోజు ఆమెకు ఒక్క మంచి మాటైనా చెప్పలేదు నేను.

సోమవారం కడుపునిండా తిని వెళ్లు. ఓపీ ఒంటిగంటకు అయిపోతుందంటారు గానీ మూడైనా అవదు.

మీ అమ్మ