నీళ్లు తగ్గించి చూడు

ఒరేయ్ అబ్బాయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. బాల్కనీలో కాగితం పూల మొక్క ఆకులతో ఏపుగా పెరుగుతోందే తప్ప ఒక్క పువ్వూ లేదని చెల్లెమ్మ బెంగ పెట్టుకుందని రాశావు. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నామనీ రాశావు. చిక్కంతా అక్కడే ఉందిరా.

నేనూ రెండేళ్లు అదే చేశాను. గేటు పక్కన పెట్టిన మొక్కకి మల్లెపాదుకు పోసినట్టే పోశాను, పైగా నెలకో గుప్పెడు యూరియా. ప్రహరీ దాటి పాకింది గానీ పూయలేదు. మొన్న మే నెలలో బోరు మోటారు కాలిపోయింది. తాగడానికీ వంటకీ తప్ప నీళ్లు లేవు. లిల్లీలు ఎండిపోయాయి, కరివేపాకు మాడింది. ఇదేమో సగం ఆకులు రాల్చేసింది. పోయిందనే అనుకున్నాను. మూడో వారానికి కొమ్మకొమ్మకీ రాణీరంగు మొగ్గలు! ఆకు కనబడనంతగా పూసింది. నేనూ మీ వదినా వాకిట్లో నిలబడి చూస్తూ ఉండిపోయాం.

కాబట్టి మట్టిలో వేలు గుచ్చి చూడు. రెండంగుళాల లోతు దాకా పొడిగా ఉంటేనే పొయ్యి. పోసిన రోజు మాత్రం కుండీ అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పొయ్యి. యూరియా వద్దు, నత్రజని ఎక్కువైతే ఆకులే వస్తాయి. ఇంతకీ మీ బాల్కనీ ఏ వైపు? రోజుకి ఐదారు గంటలు నేరుగా ఎండ తగలకపోతే నువ్వు ఏం చేసినా లాభం లేదు, డాబా మీదికి చేర్చెయ్యి.

పెద్ద కుండీలోకి మార్చాలని తొందరపడకు. వేళ్లు ఇరుకుగా ఉన్నప్పుడే బాగా పూస్తుంది. తప్పక మార్చాల్సి వస్తే మట్టిగడ్డ విరగకుండా తియ్యి. దీని వేళ్లు చాలా సున్నితం. మొదలు పట్టుకుని లాగి ఒక పసుపు రంగు మొక్కని చేతులారా చంపుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

పూత అయిపోగానే కొమ్మలు కత్తిరించు. కొత్త చిగుళ్లకే పూలొస్తాయి. ముళ్లు జాగ్రత్త, మందపాటి గ్లౌజులు వేసుకో.

ఒక సంగతి చెల్లెమ్మకి చెప్పు. మనం పువ్వు అనుకునే రంగుల రేకులు నిజానికి ఆకులే. అసలు పువ్వులు మధ్యలో సన్నటి తెల్లటి గొట్టాల్లా ఉంటాయి. ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1767లో ఫ్రెంచి ఓడలు రియో డి జనీరోలో ఆగినప్పుడు కొమ్మెర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని సేకరించాడు. ఆ యాత్రకి నాయకుడు బూగన్విల్, ఆయన పేరు మీదే దీనికి బూగన్‌విలియా అన్న పేరు స్థిరపడింది. కొమ్మెర్సన్‌కి తోడుగా మగవేషంలో ఓడెక్కిన జాన్ బారే అనే ఆవిడ తర్వాత ప్రపంచమంతా చుట్టివచ్చిన మొదటి మహిళ అయింది. మన గేటు పక్క మొక్క వెనక అంత సాహసం ఉందంటే నాకు భలే గర్వంగా ఉంటుంది.

వానలు పడగానే పెన్సిల్ మందం ముదురు కొమ్మలు జానెడేసి కోసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన పెడతాను. వేళ్లు పట్టినవాటిలో రెండు నీకే. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకుపోదువుగాని. ఈలోగా నీ కుండీకి అడుగున చిల్లులున్నాయో లేదో చూసి రాయి.

నీ
గుంటూరు నేస్తం