పాస్టరు రాని ఆదివారాలు

సంపాదకులకు నమస్కారం.

ముప్పై నలభై ఇళ్లకు మించని పల్లెటూరి లూథరన్ సంఘాలను పక్కనున్న పెద్ద ఊరి చర్చిలో కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది, పాస్టర్ల కొరతా తీరుతుంది అనే మాట గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో నలుగురు సంఘ పెద్దలు కూర్చున్న ప్రతిచోటా వినబడుతోంది. కాగితం మీద లెక్క వేస్తే సబబుగానే కనిపిస్తుంది. పాస్టరు నెలకోసారి వచ్చినా చిన్న సంఘం నిలబడుతుంది, ఆయన రాని ఆదివారాల్లో తలుపు తీసి ఆరాధన నడిపేవాళ్లు లేనప్పుడే అది చెడుతుంది అన్నది మా అభిప్రాయం. శ్రద్ధ పెట్టాల్సింది ఆ ఆదివారాల మీద.

ఒక్కో ప్యారిష్‌లో ఐదారు ఊళ్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే ఉంటాయి. అయ్యగారు, అంటే పాస్టరు, ఒక్కరే. ఇది కొత్తగా వచ్చిన చిక్కేమీ కాదు. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు చేరింది మొదలు, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడ్డాక కూడా పల్లె సంఘాల బరువు మోసింది ఎక్కువగా బడిపంతుళ్లే. వారమంతా అక్షరాలు దిద్దించే మనిషే ఆదివారం వాక్యం చదివేవాడు, కీర్తన ఎత్తుకునేవాడు, రాత్రిపూట పిల్లలచేత కాటికిజం, అంటే విశ్వాస ప్రశ్నోత్తరాలు, వల్లె వేయించేవాడు. మిషన్ బడులు తగ్గిపోయాక ఆ జీతమూ పోయింది, ఆ మనిషీ పోయాడు. ఆయన స్థానంలో ఎవరిని నిలబెట్టాలో తేల్చకుండా సంఘాలను కలిపేద్దామంటే ఎలా?

కలిపితే ఏమవుతుందో ముందు చెప్పాలి. ఆరు కిలోమీటర్ల దూరానికి ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు అనుకుందాం. నలుగురున్న ఇంటికి రానూపోనూ నూట అరవై. కూలికి పోయే ఇల్లు నెలకు నాలుగుసార్లు ఆ డబ్బు పెట్టలేదు. మొదటి రెండు వారాలు అందరూ వెళ్తారు, తర్వాత మగవాళ్లు బండి మీద వెళ్తారు, ఆపైన ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు ఇంట్లోనే ఆగిపోతారు. వాళ్ల ఊరి చర్చిలో ముందు వరసలో చాప మీద కూర్చుని కీర్తన ఎత్తుకునే అవ్వ పెద్ద చర్చిలో వెనక బెంచీ మీద నోరు మెదపకుండా కూర్చుంటుంది.

ఇక పాస్టరు లేని ఆదివారం సంగతి. లూథరన్ క్రమంలో దీనికి స్పష్టమైన హద్దు ఉంది. సంఘం క్రమప్రకారం పిలిచి నియమించినవాళ్లు తప్ప ఎవరూ బహిరంగంగా బోధించకూడదని, బాప్తిస్మం, ప్రభు భోజనం అనే సంస్కారాలు ఇవ్వకూడదని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 14వ అధికరణం చెబుతుంది. కాబట్టి సంఘ పెద్ద నడిపేది వాక్య ఆరాధన మాత్రమే: కీర్తన, పాపపు ఒప్పుకోలు, పాఠాలు, విశ్వాస ప్రమాణం, అయ్యగారు రాసి ఇచ్చిన ప్రసంగం, కానుక, ప్రార్థనలు, ప్రభువు ప్రార్థన, ఆశీర్వచనం. ఒప్పుకోలు తర్వాత పాస్టరులా ‘మీ పాపాలు క్షమిస్తున్నాను’ అనకూడదు, ‘దేవుడు మన పాపాలను క్షమించును గాక’ అనాలి. చివర చేతులెత్తి ‘మిమ్మును’ అనకుండా ‘మనలను ఆశీర్వదించును గాక’ అంటే సరిపోతుంది. పసిబిడ్డ ప్రాణాపాయంలో ఉంటే మాత్రం ఆగనక్కర్లేదు. విశ్వాసి ఎవరైనా నీళ్లు పోసి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున బాప్తిస్మం ఇవ్వవచ్చు. తర్వాత అయ్యగారికి చెప్పి రిజిస్టరులో ఎక్కించాలి.

ఎక్కువ సంఘాల్లో గాడి తప్పేది ప్రసంగం దగ్గర. మైకు చేతికి రాగానే కొందరికి ఫోనులో చూసిన ప్రసంగీకులు పూనుతారు. యాభై నిమిషాల కేకలు, సాక్ష్యాలు, ఎవరి పేరూ చెప్పకుండా ఎవరో ఒకరికి తగిలే మాటలు. రెండు వారాలు ఓర్చుకుని మూడో వారం జనం రారు. దీనికి మందు పాతదే: రాసిన ప్రసంగం చదవడం. అయ్యగారు వచ్చినప్పుడు రాబోయే ఆదివారాల పాఠాలకు ఒక్కోదానికి రెండు మూడు పేజీలు రాసి ఇచ్చి వెళ్లాలి. నిదానంగా చదివితే పదిహేను నిమిషాల్లోపు అయిపోతుంది. చదివే మనిషి శనివారం రాత్రే పాఠాలన్నీ ఒకసారి పైకి చదువుకోవాలి. మన బైబిలు గ్రాంథికం, సంధులు పొడవు, పైగా నెబుకద్నెజరు లాంటి పేర్లు. అందరి ముందు తడబడితే ఆ కుర్రాడు మళ్లీ పుస్తకం ముట్టడు. చదివేవాళ్లు కనీసం నలుగురు ఉండాలి, అందులో ఇద్దరు ఆడవాళ్లైతే మరీ మంచిది. ఒక్కడే నడిపే చోట రెండేళ్లు తిరిగేసరికి చర్చి ఆయన సొంత ఇల్లు అయిపోతుంది. తాళంచెవులూ అంతే. రెండు ఉండాలి, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. మొదటి గంట కొట్టాక తాళం తీసే మనిషి పెళ్లికి వెళ్లాడని తెలిస్తే వచ్చినవాళ్లు వెనక్కి తిరిగిపోతారు, పై వారం వాళ్లలో సగం మంది రారు.

పాట విషయంలో ఒక్క మాట. నలభై మంది కూర్చునే గదికి కీబోర్డు, రెండు పెద్ద స్పీకర్లు అక్కర్లేదు. కీబోర్డు వాయించే పిల్లవాడు తన గొంతుకు సరిపడా శృతి పెట్టుకుంటాడు, అవ్వలు పైస్థాయి అందక ఆగిపోతారు, చివరికి మైకు ఒక్కటే పాడుతుంది. హార్మోనియం, తబలా, తాళాలు చాలు. పల్లవి రెండుసార్లు అనిపించి, చరణం ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు అందుకునే పద్ధతిలో చదువు రానివాళ్లు కూడా పాడగలరు.

రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనం పాస్టరు వచ్చిన ఆదివారమే. ఆ రోజు ఏర్పాట్లు మాత్రం సంఘానివి, తప్పులు జరిగేదీ వాటిలోనే. చాలా పల్లెల్లో వాడేది ఎండు ద్రాక్ష రసం. అరవై మందికి చిన్న గిన్నెల్లో మనిషికి పదిహేను మిల్లీలీటర్ల చొప్పున తొమ్మిది వందల మిల్లీలీటర్లు, అంటే లీటరు రసం చాలు. పావుకిలో నల్ల ఎండు ద్రాక్షను ముందు వేడినీళ్లలో బాగా కడగాలి, లేకపోతే కాయలకు పూసిన నూనె రసం మీద తేలుతుంది. లీటరుంబావు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున ఉడికించి, మెదిపి, పలచటి గుడ్డలో వడకట్టాలి. చక్కెర కలపనక్కర్లేదు. శుక్రవారమే చేసి పెట్టుకుంటే ఎండాకాలంలో ఆదివారానికి నురగ వచ్చి పులుస్తుంది. మిగిలింది అక్కడే తాగేయాలి, లేదా చెట్టు మొదట్లో పోయాలి, కాలువలో పారబోయకూడదు. పాల్గొనేవాళ్ల పేర్లు ముందుగా రాసుకునే పాత ఆచారం ఇప్పుడు సన్నగిల్లింది గానీ, దానిలో ఒక ప్రయోజనం ఉండేది. గట్టు తగాదా పడ్డ అన్నదమ్ముల్లో ఒకరు పేరు ఇవ్వకపోతే గురువారానికే పెద్దలకు తెలిసేది. ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టడానికి రెండు రోజులు దొరికేవి. ఇప్పుడు ఒకరు బల్ల దగ్గరకు వచ్చినప్పుడు రెండోవాళ్లు లేచి బయటికి వెళ్లడం చూసి తెలుసుకుంటున్నాం.

సహవాసం అనే మాట చాలా పెద్దగా వాడేస్తుంటాం. సువార్త మనుషులను చేరే దారులను చెబుతూ లూథరన్ మార్గానికి మూలపురుషుడైన మార్టిన్ లూథరు 1537 నాటి స్మాల్కాల్డ్ అధికరణాల్లో ప్రసంగం, బాప్తిస్మం, ప్రభు భోజనం, పాపక్షమాపణ అధికారంతో పాటు సహోదరులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఓదార్చుకోవడాన్నీ చేర్చాడు. చిన్న సంఘానికి పెద్ద చర్చి కంటే ఎక్కువగా ఉన్నది ఇదే. ఎవరి బిడ్డ గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడో, ఎవరి ఇంట్లో మిరపకోత కూలి డబ్బు ఇంకా రాలేదో ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద పది నిమిషాల్లో తెలిసిపోతుంది. వారం మధ్యలో ఇంటింటా జరిగే ప్రార్థన కూడికలు దీనికి ఆయువుపట్టు. వాటిని చెడగొట్టేది పలహారం. మొదటి ఇంట్లో టీ, రెండో ఇంట్లో టీ బిస్కెట్లు, మూడో ఇంట్లో పులిహోర, నాలుగో ఇంట్లో కోడికూర. ఐదో ఇంటి ఇల్లాలు ‘మా ఇంట్లో వద్దులే అమ్మా, వచ్చే నెల చూద్దాం’ అంటుంది, ఆ నెల ఎప్పటికీ రాదు. ఏ ఇంట్లోనైనా టీ మాత్రమే అని సంఘమే తీర్మానం చేయాలి.

డబ్బు దగ్గర కూడా ఇలాంటి చిన్న కట్టుబాట్లే కాపాడతాయి. కానుక సంచి వేర్వేరు ఇళ్లకు చెందిన ఇద్దరు అక్కడే లెక్కపెట్టి, పుస్తకంలో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ‘ఇంటికి వెళ్లి రాస్తాను’ అన్న రోజునుంచే అనుమానం మొదలవుతుంది, మొత్తం మూడొందలే అయినా సరే. స్త్రీల సమాజం వాళ్లు తీసే పిడికెడు బియ్యం రోజుకొక పిడికిలి లెక్కన ఇంటికి నెలకు కిలో, కిలోంబావు పడుతుంది. ముప్పై ఇళ్లు తప్పకుండా తీస్తే ముప్పై, ముప్పై ఐదు కిలోలు. సన్నబియ్యం, రేషన్ బియ్యం ఒకే డబ్బాలో పోస్తే కొనేవాళ్లు ఉండరు, పైగా రేషన్ బియ్యం అమ్మడం నేరం. రేషన్ బియ్యాన్ని వేరుగా ఉంచి సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుకు వండుకోవాలి, మిగతావి ఆ ఆదివారమే తూచి అమ్మేయాలి. నెలలు ఆగితే పురుగు పడుతుంది.

కోత పండుగ వేలంపాట గురించి ప్రత్యేకంగా రాయక తప్పదు. మొదటి పంట మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయ, పుంజు, గుడ్లు బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక పాట మొదలవుతుంది. రెండొందల పుంజు రెండు వేలు పలుకుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. పాడినవాడి జేబులో ఐదొందలే ఉంటాయి. మిగతాది పుస్తకంలో బాకీగా ఎక్కుతుంది. క్రిస్మస్‌కు పెద్దలు అడుగుతారు, ఈస్టరుకు ముందు వచ్చే లెంటు కాలంలో ఇంకోసారి అడుగుతారు. అప్పటికే అతను చర్చి మానేసి ఉంటాడు, అతనితో పాటు ఇల్లంతా మానేసి ఉంటుంది. బాకీ వసూలు కాక సంఘం నష్టపోయింది పదిహేనొందలు అని లెక్క రాస్తారు గానీ పోయింది ఒక కుటుంబం. పాడినవాళ్లు అక్కడికక్కడే డబ్బు కట్టాలని, లేదంటే తర్వాతి పాటవాడికి ఇచ్చేస్తామని ముందే చెప్పాలి. పాత బాకీలు ఉంటే ఒకసారి తీర్మానం చేసి కొట్టేయడమే మేలు.

చిన్న సంఘమని తేల్చడానికి చూసే లెక్కలు కూడా నమ్మదగ్గవి కావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు కాని దళితులకు ఎస్సీ హోదా లేదు. క్రైస్తవులైన దళితులు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బీసీ-సీ కింద వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం ఏమవుతాయోనన్న భయంతో చాలా ఇళ్లవాళ్లు ప్రతి ఆదివారం వస్తూనే బాప్తిస్మ రిజిస్టరులో పేరు ఎక్కించుకోరు. దాని న్యాయాన్యాయాలు వేరే చర్చ. రిజిస్టరులో ఇరవై పేర్లున్న ఊళ్లో క్రిస్మస్ ఆరాధనకు నూట యాభై మంది కూర్చుంటారని మాత్రం సంఘాలపై అధికారం ఉన్న సినడ్ పెద్దలు గుర్తుంచుకోవాలి.

పిల్లలు సంఘం ముందు తమ విశ్వాసాన్ని ఒప్పుకోవడానికి సిద్ధం చేసే కన్ఫర్మేషన్ తరగతులు జూన్ నుంచి వారానికోసారి అని పెట్టుకుంటే పల్లెల్లో జరగవు, ఆ వయసు పిల్లలు హాస్టళ్లలో ఉంటారు. మే నెలలో రెండు వారాలు, రోజూ పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు పెడితే లూథరు 1529లో రాసిన చిన్న కాటికిజంలోని ఆరు భాగాలూ అర్థాలతో సహా పూర్తవుతాయి. అదే పది పదిహేను రోజుల్లో మధ్యాహ్నాలు పెద్దవాళ్లకు ఆరాధన నడిపే శిక్షణ ఇవ్వవచ్చు. కొత్త భవనమూ, విదేశీ నిధులూ అక్కర్లేదు. ఊరికి నలుగురు, ఆరు ఊళ్లకు ఇరవై నాలుగు మంది, ఒక నల్లబల్ల, ఒక పాస్టరు.

ఇక మట్టి చేసే సంగతి. కుర్రాళ్లంతా హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయాక గుంట తవ్వే చేతులు కరువయ్యాయి. జేసీబీ పిలిస్తే అడిగినంత ఇవ్వాలి, సమాధుల మధ్య అది తిరగడానికి చోటూ ఉండదు. ఇంటికి నెలకు ఇరవై రూపాయలు మట్టి ఖర్చుల నిధికి విడిగా తీసి, పోస్టాఫీసులో ఇద్దరి పేరిట వేస్తే ముప్పై ఇళ్ల నుంచి ఏడాదికి ఏడువేల రెండొందలు అవుతుంది. పెట్టెకూ కూలికీ చాలకపోయినా, అర్ధరాత్రి చావు జరిగిన ఇంటివాళ్లు అప్పు కోసం తిరగకుండా మొదటి రోజు గడుస్తుంది. ఈ నిధిని చర్చి గోడకు సున్నం వేయడానికీ, క్రిస్మస్ లైట్లకూ వాడకూడదని తీర్మానం పుస్తకంలో రాయించాలి. చాలా ఊళ్లలో అలా వాడేయడమే జరుగుతోంది.

సంఘాలను కలపాలా వద్దా అన్నది వచ్చే సినడ్ సమావేశాల్లో చర్చకు పెడితే, దానికంటే ముందు పాస్టరు లేని ఆదివారం ఏ ఊళ్లో ఎవరు నడుపుతున్నారో, వాళ్లకు ఎవరు నేర్పారో ఊరివారీగా ఒక పట్టిక తెప్పించుకోవాలని మా విన్నపం.

ఇట్లు,
కొందరు గ్రామ సంఘ పెద్దలు,
పల్నాడు జిల్లా