మ్యూజ్‌స్కోర్ మూగబోతే...

సంపాదకులకు,

స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి) నేర్చుకునేవారు చాలామంది, స్వరాలు రాసి వినిపించే మ్యూజ్‌స్కోర్ 4 అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడుతున్నారు. శబ్దం రాకపోతే దాన్ని తీసేసి మళ్లీ ఎక్కిస్తుంటారు. చాలాసార్లు అది వృథా శ్రమే.

ముందు ఎఫ్10 నొక్కి, ఒక్కో వాయిద్యం శబ్దాన్ని సరిచూసుకునే మిక్సర్ తెరవండి. ఒక వాయిద్యానికి సోలో (అదొక్కటే వినిపించే మీట) వేసి ఉంటే మిగతావన్నీ మూగబోతాయి. అందులో శబ్దస్థాయి చూపే మీటర్ కదులుతున్నా వినపడలేదంటే తప్పు స్కోరులో లేదు. ప్రిఫరెన్సెస్‌లో ఆడియో డివైస్‌గా టీవీనో, పక్కన పడేసిన బ్లూటూత్ హెడ్‌ఫోనో ఎంపికై ఉంటుంది. మీటరే కదలకపోతే మిక్సర్‌లోని సౌండ్ గడిలో, మ్యూజ్‌స్కోర్‌తో పాటే వచ్చే ఎంఎస్ బేసిక్ అనే శబ్దాల సెట్ పెట్టి చూడాలి.

చిటపటలు వస్తే ప్రిఫరెన్సెస్‌లోనే బఫర్ సైజు (ముందుగా సిద్ధం చేసి ఉంచే శబ్దపు శాంపిళ్ల సంఖ్య) 512 నుంచి 1024కు పెంచండి. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 1024 అంటే సుమారు 23 మిల్లీసెకన్లు, ప్రాసెసర్‌కు ఊపిరాడుతుంది. కాకపోతే కంప్యూటర్‌కు తగిలించిన మిడి కీబోర్డు (పియానో మెట్ల పరికరం) నొక్కాక స్వరం కాస్త ఆలస్యంగా పలుకుతుంది.

గమకాలు పలకడం లేదన్న ఫిర్యాదూ ఉంది. రాయనిది అది వాయించదు, అంతే!

ఒక్క స్వరమే మౌనంగా ఉంటే దాన్ని ఎంచుకుని ప్రాపర్టీస్‌లో ప్లే టిక్ ఉందో లేదో చూడండి. ఉన్నట్టుండి శబ్దం తగ్గిపోతే దాచిపెట్టిన పియానిస్సిమో (చాలా మెల్లగా వాయించమనే) గుర్తేదో ఉందేమో వెతకండి. కంటికి కనిపించకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది.

- ఒక పాఠకుడు