డ్రాయింగ్ ఇచ్చేస్తే అయిపోదు బిడ్డా

ఉప్పల్, హైదరాబాద్

బిడ్డా,

మన వీధి ఊడ్చే ఆమెతో ఈ పొద్దున మాట్లాడాను. రోజూ చీకటి ఉండగానే వస్తుంది కదా, చాయ్ ఇచ్చి గేటు దగ్గర కూర్చోబెట్టి, ఒంటి మీదున్న నారింజ రంగు కోటు గురించి అడిగాను. వీధులు ఊడ్చేవాళ్ల కోసం నువ్వు కాలేజీ ప్రాజెక్టులో గీసిన కొత్త కోటు బొమ్మ కూడా ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసి, "మంచిగుంది గానీ అక్కా, ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలి?" అంది. నీ బొమ్మలో జేబు నడుము పక్కన ఉంది. కొంగు తిప్పి నడుములో దోపుకున్నాక ఆ జేబులోకి చెయ్యి దూరదు. ఇంకో మాట చెప్పింది. వంగినప్పుడల్లా కోటు ముందుకు జారి చీపురుకు అడ్డం పడుతుందట. అందుకని నడుముకు ఒక తాడు కట్టుకుంటుంది. మన గేటు ముందు ఆమెను ఇన్నేళ్లుగా చూస్తున్నాం, ఆ తాడు నాకూ ఇవాళే కనిపించింది.

నిన్న నువ్వు ఫోన్‌లో అన్న మాటకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. "నా పని డ్రాయింగ్ ఇచ్చేవరకేనమ్మా, బట్ట సంగతి ఇంజినీరింగ్ వాళ్లది, వాడకం నేర్పేది ఇంకో టీమ్" అన్నావు. మీ కాలేజీలో పనిని అట్లా పంచి ఉండొచ్చు. కానీ నువ్వు పుట్టిన ఇంట్లో ఈ మూడూ ఎప్పుడూ వేరుగా లేవు.

పోచంపల్లిలో మీ అమ్మమ్మ ఆసు పోసేటప్పుడు పక్కన కూర్చుని చూసినదాన్ని నేను. ఆసు అంటే మేకులు కొట్టిన చట్రం. పేక నూలును, అంటే బట్టలో అడ్డంగా నేసే దారాన్ని, ఆ మేకుల చుట్టూ తిప్పుతుంది. తర్వాత గ్రాఫ్ కాగితం చూసుకుంటూ, లెక్క ప్రకారం సైకిల్ ట్యూబు రబ్బరు చీలికలతో ముడులు కట్టాలి. రంగులో ముంచాలి, విప్పాలి, ఇంకో రంగుకు మళ్లీ కట్టాలి. ఆ నూలును వరస తప్పకుండా కండెలనే చిన్న గొట్టాలకు చుట్టి నేస్తే అప్పుడు పువ్వు తేలుతుంది. పువ్వు రేకులు మెట్లు మెట్లుగా ఎందుకుంటాయని చిన్నప్పుడు అడిగాను. గుండ్రంగా కావాలంటే ముడులు ఎన్ని పెరుగుతాయో లెక్కపెట్టి చూపించింది అమ్మమ్మ. ఆ ముడులకు ఎన్ని రోజులు పడుతుందో కూడా చెప్పింది. ముడి వదులైతే రంగు లోపలికి ఎట్లా పాకుతుందో నా వేళ్లతోనే కట్టించి నేర్పింది. గీత, లెక్క, నేర్పడం మూడూ ఆ ఒక్క అరుగు మీదే జరిగేవి. ఆమెను డిజైనర్ అని గానీ ఇంజినీర్ అని గానీ టీచర్ అని గానీ ఎవరూ పిలవలేదు. దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒక్క చీరకు ఆసు మీద చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. అమ్మమ్మ కుడి భుజం నొప్పి నీకు తెలిసిందే. ఆలేరులో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడుతున్న ఆ నొప్పి చూడలేకనే 1999లో ఆసు యంత్రం తయారు చేసి, దానికి ఆమె పేరు లక్ష్మి అని పెట్టారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. బడి మధ్యలో మానేసిన మనిషికి అది ఎట్లా సాధ్యమైందంటావా? ఆ పని రోజూ ఇంట్లో, కళ్ల ముందే ఉంది కాబట్టి.

ఇక నీ బట్ట సంగతి. కోటుకు నూలు బట్ట, అంటే కాటన్, కావాలని నువ్వు, పాలియెస్టర్ కావాలని ఆ మెకానికల్ అబ్బాయి పట్టుబడుతున్నారు కదా. నాకైతే ఇద్దరి మాటలోనూ నిజం ఉందనిపిస్తోంది. పూర్తిగా ఎండిన 100 గ్రాముల నూలు మామూలు గాలిలోంచే 8.5 గ్రాముల దాకా తేమ పీల్చుకుంటుంది, పాలియెస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. అందుకే మే నెలలో ఆ కోటు ఒంటికి అతుక్కుపోయి, లోపల చెమట కారుతూనే ఉంటుంది. కానీ తెల్లవారుజామున లారీ డ్రైవర్ కంటపడాల్సిన ఆ మెరిసే నారింజ రంగు పాలియెస్టర్ మీద పట్టినట్టు నూలు మీద పట్టదు. చెమట పట్టే చోట, అంటే వీపు మధ్యలో, చంకల దగ్గర నూలు వేసి, భుజాలకూ ఛాతీకీ పాలియెస్టర్ పెట్టొచ్చేమో ఇద్దరూ కలిసి చూడండి.

రెండు రకాల బట్ట కలిపి కుట్టేముందు మాత్రం నాకు జరిగింది గుర్తు పెట్టుకో. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక స్కూలుకు 200 ఏప్రాన్లు కుట్టాను. పైన నూలు, లోపల పాలియెస్టర్ లైనింగ్. గడువు దగ్గర పడిందన్న టెన్షన్‌లో నూలు గుడ్డ తడపకుండానే కత్తిరించాను. మొదటి ఉతుకులోనే పైబట్ట కుంచించుకుపోయింది, లైనింగ్ అట్లాగే ఉండిపోయింది, కుట్లన్నీ ముడతలు పడ్డాయి. మొత్తం వెనక్కి పంపించారు. మీ బాపు ఒక్క మాట అనలేదు గానీ, ఆ నెల నీ ఫీజు అప్పు తెచ్చి కట్టాం. అప్పటినుంచి ఏ బట్ట తాను వచ్చినా ముందు 50 సెంటీమీటర్ల చదరం గీసి, ఉతికి, ఆరాక టేపుతో కొలుస్తాను. 48 వచ్చిందంటే నూటికి నాలుగు తగ్గినట్టు. నువ్వు కూడా ఆ కొలత నీ చేత్తోనే తియ్యి. ల్యాబ్ వాళ్లు కాగితం ఇస్తారు, కానీ బట్ట ఎటు లాగుతోందో నీ వేళ్లకు తెలియాలి.

ఉతకడం అంటే గుర్తొచ్చింది. కోటు మీద మెరవడానికి కుట్టే ఆ వెండి రంగు టేపులో సన్నటి గాజు పూసలు ఉంటాయి, లైటు ఎటు నుంచి పడితే అటే తిప్పి కొడతాయి. మన వీధి ఊడ్చే ఆమె తన కోటును బండ మీద వేసి బ్రష్‌తో రుద్దుతుంది. "రుద్దకూడదని ఎవరైనా చెప్పారా?" అంటే "ఎవరు చెప్తారక్కా" అంది. పూసలన్నీ రాలిపోయి టేపు బూడిద రంగులోకి దిగింది. మీ మూడో టీమ్ రాసే పుస్తకం ఆమె చదవదు. కోటు లోపలి వైపు బ్రష్ బొమ్మ వేసి దాని మీద అడ్డగీత కుట్టిస్తే చాలదా? అది గీయాల్సింది నువ్వే కదా.

కోఠీలో నాలుగు మీటర్ల నూలు గుడ్డ కొన్నాను. తడిపి ఆరేశాను. నీ బొమ్మ చూసి ఒకటి కుడతాను. జేబు ఛాతీ మీదికి మార్చి, ఆమె తాడును నడుము పట్టీగా చేస్తాను. సోమవారం నుంచి నెల రోజులు తొడుక్కుంటానంది. దసరాకు వచ్చినప్పుడు నువ్వే చాయ్ పెట్టి, ఆమె దగ్గర కూర్చుని మిగతాది అడుగు. ఈలోగా మీ మెకానికల్ అబ్బాయితో మంచి టేపు రెండు మీటర్లు పంపించు, ఇక్కడ దొరికింది రెండు ఉతుకులకే పోయింది.

మీ అమ్మ